పొలిమేర అవతల అమ్మ చీర

టీచింగ్ ప్రాక్టీసుకు నన్ను సముద్రం అవతలికి పంపాలనుకుంటున్నామని మా ప్రిన్సిపాలుగారు చెప్పినప్పుడు నేను మొదట చేసిన పని నవ్వడం. ఆయన ఆటపట్టిస్తున్నారనుకున్నాను. తిరుపతిలో తెలుగు పండిత ట్రైనింగు చదివేవాళ్ళను ప్రాక్టీసుకు ఎక్కడికి పంపుతారు? ఊళ్ళోనే ఏదో ఒక హైస్కూలుకు. ప్రిన్సిపాలుగారికి మనమంటే కిట్టకపోతే బస్సెక్కి ఐరాల దాకా పోవాలి. చంకలో చార్టుల చుట్ట పెట్టుకుని క్లాసులోకి పోవడం, వెనక బెంచీలో సూపర్వైజరుగారు కునుకు తీస్తుంటే మనం పద్యం పాడడం, పిల్లలు కిసుక్కున నవ్వడం. నాకు తెలిసిన ప్రాక్టీసు అదే.

ఆయన నవ్వలేదు. మారిషస్ అని ఒక దీవి ఉందనీ, ఎప్పుడో చెరుకు తోటల్లో పనికి అక్కడికి పోయిన తెలుగువాళ్ళ మునిమనవలు ఇప్పుడక్కడ ఉన్నారనీ చెప్పారు. వాళ్ళు ఇంట్లో మాట్లాడేది వేరే భాష. తాతల భాష పిల్లలకు నేర్పించుకోవాలని సాయంత్రం బడులు పెట్టుకున్నారట. ట్రైనింగులో ఉన్న ఒకరిని ఆరు నెలలు పంపితే దారి ఖర్చులు వాళ్ళే పెట్టుకుంటారు, ఆ ఆరు నెలలనూ కాలేజీ టీచింగ్ ప్రాక్టీసుగా లెక్కేస్తుంది. నా రెండేళ్ళ ట్రైనింగులో అప్పటికి మొదటి ఏడు అయిపోవచ్చింది. ఎమర్జెన్సీ పోయిన మరుసటి ఏడాది ఎండాకాలం అది.

"నీకు గొంతు ఉంది, ఉచ్చారణ ఉంది. కోపం కూడా ఉంది, అది కాస్త తగ్గించుకో. ఇంట్లో అడిగి చెప్పు," అన్నారు ఆయన.

నాకు పోవాలని ఉండింది. భయం కూడా దానితో సమానంగానే ఉండింది. సముద్రం గురించి కాదు. ఒక్క తెలుగు మాట కూడా తెలియని పిల్లల ముందు నిలబడి నేను నోరు తెరిస్తే, వాళ్ళు గుడ్లప్పగించి నా మొహం చూస్తే ఎట్లా? మొహం అంటే గుర్తొచ్చింది. ఐదేళ్ళప్పుడు నాకు పెద్దమ్మవారు పోసింది. మశూచి అని ఇప్పుడంటే చాలామందికి తెలియదు. బతికి బట్టకట్టాను గానీ చెంపల నిండా గుంటలు మిగిలాయి. ఊళ్ళో అందరికీ అలవాటైన మొహం కాబట్టి సరిపోయింది. కొత్త ఊళ్ళో కొత్త కళ్ళు మొదట చూసేది ఆ గుంటలనే.

కాబట్టి నిజం చెప్పాలంటే నాకు కావలసింది ప్రయాణం కూడా కాదు. మా నాయన నోటి నుంచి ఒక్క మాట కావాలి. పో అంటే పోయేదాన్ని. వద్దంటే ఒక రోజు ఏడ్చి, మరుసటి రోజు హాయిగా ఐరాల బస్సెక్కేదాన్ని.

మా ఇంట్లో అప్పుడు ముగ్గురమే. నేను, నాయన, నాయనమ్మ. ఆమెను అవ్వ అనేవాళ్ళం. అమ్మ నాకు తొమ్మిదో ఏడు నిండకముందే పోయింది. నేను విషయం చెప్పినప్పుడు అవ్వ చేట ముందర పెట్టుకుని చింతపండులో గింజలు తీస్తూ ఉంది. విన్నదంతా విని ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"ఆడ గంగమ్మ ఉండాదా?"

"దీవి అవ్వా అది. చుట్టూ సముద్రం."

"సముద్రం సంగతి నేనడగలే. గంగమ్మ ఉండాదా అని అడిగినా. లేని సోటికి పోయి రోగమొస్తే ఎవురికి మొక్కేది?"

నేనూ చేట పక్కన కూర్చుని గింజలు తీయడం మొదలుపెట్టాను.

నాయనకు ఇత్తడి సామాన్ల అంగడి ఉండేది. మాట పొదుపు మనిషి. గిరాకీ బేరమాడితే వాదించేవాడు కాదు, చెంబును వేలితో ఒకసారి కొట్టి మోగించి చూపేవాడు, అంతే. ఆ రాత్రి అన్నం దగ్గర నేను గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పాను. ఆయన మజ్జిగ పోసుకుని, కలుపుకుని, తిని, చెయ్యి కడుక్కుని "సూస్తాంలే" అన్నాడు. వారం రోజులు నేను ఎన్నిసార్లు కదిలించినా అదే మాట. గోడతో మాట్లాడినా గోడకు కొంచెం సున్నమన్నా రాలుతుంది. ఆయన దగ్గర అదీ లేదు.

అట్లాంటి మనిషి ఏడాదికి ఒకసారి చీర కట్టేవాడు.

తిరుపతివాళ్ళకు ఇది వింత కాదు. గంగమ్మ జాతరలో మగవాళ్ళు మొక్కు తీర్చుకోవడానికి ఆడవేషం వేస్తారు. చీర, రవిక, గాజులు, జడ, పూలు, అన్నీ. వేషం వేసుకున్నవాణ్ణి ఆ పూట పేరు పెట్టి పిలవరు, అమ్మా అంటారు. నాకు పెద్దమ్మవారు పోసినప్పుడు మా అమ్మ గంగమ్మకు మొక్కింది, "బిడ్డను బతికించు తల్లీ, నా మొగుడు ఏటేటా చీర కట్టి నీ కాడికి వస్తాడు" అని. మొగుణ్ణి ఒక్క మాట కూడా అడగలేదు. మొక్కింది ఆమె, మొయ్యాల్సింది ఈయన. నేను లేచి కూర్చున్నాక సంగతి చెప్పిందట. నాయన సరేనన్నాడు. అమ్మ ఉన్నన్నాళ్ళు తన పెళ్ళిచీరను తానే కుచ్చిళ్ళు పోసి ఆయనకు కట్టేది, కట్టేటప్పుడు పడీపడీ నవ్వేది. అమ్మ పోయినాక అవ్వ కడుతూ వచ్చింది. అరటిపువ్వు రంగు పట్టుచీర. మిగతా ఏడాదంతా అది పెట్టెలో ఉండేది. నేను కూడా ఎప్పుడూ కట్టి ఎరగను.

వారం తిరిగేసరికి చిక్కు వచ్చిపడింది. ఆ దీవి నుంచి ఒక పెద్దాయనా ఆయన భార్యా మద్రాసుకు వచ్చారు. పంపబోయే అమ్మాయిని ఒకసారి చూసి మాట్లాడతారట. వాళ్ళకు కుదిరేది ఒక్క శనివారమే, ఆ తర్వాత కాశీ యాత్రకు పోతారు. నేను పోకపోతే నా తర్వాతి అమ్మాయి పోతుంది. ఆ శనివారం జాతర వారంలో పడింది.

జాతరకు వారం ముందు, మంగళవారం చీకటి పడ్డాక, మా ఊళ్ళో డప్పు కొట్టి చాటింపు వేస్తారు. ఆ డప్పు మోగినాక ఊరివాళ్ళెవరూ జాతర అయ్యేదాకా పొలిమేర దాటి పోకూడదు. బయటూరివాళ్ళు పగలు వచ్చి అమ్మవారిని చూసుకోవచ్చు గానీ రాత్రికి ఊళ్ళో ఉండకూడదు. డప్పు మోగే వేళకు ఎవరు ఎటువైపు ఉంటే ఆ వారమంతా వాళ్ళు అటువైపు మనుషులే. కొంతమంది పగలు దాటిపోయి పొద్దుగూకేలోపల వచ్చేసేవాళ్ళు. మా అవ్వ దగ్గర అట్లాంటి వెసులుబాట్లు చెల్లవు. మద్రాసు మాట ఎత్తగానే ఒంటికాలి మీద లేచింది.

దారి చూపింది మా మేనత్త. ఆమె కాపురం రేణిగుంటలో, మామకు రైల్వేలో పని. అవ్వను చూసిపోవడానికి వచ్చి, మా ముగ్గురి మొహాలూ చూసి, సంగతి విని, తమలపాకుకు సున్నం రాస్తూ చాలా తేలిగ్గా చెప్పింది.

"సాటింపుకు ముందే పాపను మా ఇంటికి పంపండి. డప్పు మోగేటప్పటికి రేణిగుంటలో ఉంటే బయటూరి మనిషే గదా. బయటూరి మనిషి మద్రాసుకు పోతే ఏమి, ఇంకో సోటికి పోతే ఏమి? మా ఆయన తోడు పోతాడు."

అవ్వ చాలాసేపు దానిలో తప్పు వెతికింది. దొరకలేదు. "పోయి మాట్లాడి వచ్చేదే కదా, ఇంకా పోయేది కాదు గదా," అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

ఆ మంగళవారం మధ్యాహ్నం నేను పెట్టె సర్దుకుంటూ ఉంటే నాయన వచ్చి వాకిలి పట్టుకుని నిలబడ్డాడు.

"మీ అమ్మ సీర పెట్టుకో."

"అదెందుకు నాయనా?"

"పెద్దోళ్ళ కాడికి పోతాండావు. బాగుంటాది."

పో అనలేదు, వద్దనలేదు, అయినా చీర ఇచ్చాడు. ఈసారి జాతరకు అవ్వ చీర ఏదన్నా కట్టుకుంటాడులే అనుకున్నాను. మడత చెడకుండా చీరను పెట్టె అడుగున పరిచాను.

నన్ను రేణిగుంటలో దింపి చీకటి పడకముందే ఇంటికి వచ్చెయ్యాలని అవ్వ ఆయనకు గట్టిగా చెప్పి పంపింది. బస్సులో అరగంట దారి. పొద్దు ఉండగానే చేరుకున్నాం. మామూలుగా నాయన చెల్లెలింట్లో కాఫీ తాగి గ్లాసు కింద పెట్టకముందే చెప్పుల్లో కాళ్ళు పెడతాడు. ఆ రోజు అరుగు మీద చతికిలబడ్డాడు. మామను పిలిచి కూర్చోబెట్టుకుని గూడూరు లైను గురించి, నిమ్మకాయల బుట్టలు ఏ బండిలో ఎక్కిస్తారో, తనకు ఏమాత్రం పనికిరాని సంగతులన్నీ అడగడం మొదలుపెట్టాడు. నేను లోపలికీ బయటికీ తిరుగుతున్నాను.

"నాయనా, బస్సు పోతుంది."

"ఇంకోటి ఉండాదిలే."

ఆ ఇంకోటి కూడా పోయింది. అత్త రెండోసారి కాఫీ ఇచ్చింది, అదీ తాగాడు. దీపాలు పెట్టాక లేచి, కండువా దులుపుకుని, మెల్లగా వీధి చివరికి నడిచాడు. పోయినంత మెల్లగా తిరిగి వచ్చాడు. తిరుపతి నుంచి వచ్చిన బస్సువాళ్ళు చెప్పారట.

"సాటింపు ఏసేసినారంట," అన్నాడు.

జాతర వారంలో మా నాయన బయటూరి మనిషి అయిపోయాడు. నన్ను దింపడానికి వచ్చి! అవ్వ నన్ను ఉతికి ఆరేస్తుంది. ఆయన మీద అరిచాను, ఎన్నిసార్లు చెప్పాలి అని, చిన్నపిల్లవాడివా అని. అత్త నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. నాయన మాత్రం తప్పు చేసినవాడిలా తల గోక్కుని, "అయిందేదో అయింది. ఎట్లాగూ ఈడ్నే ఉండాల గదా, శనివారం నేనే వస్తా మద్రాసుకు," అన్నాడు.

అరుస్తూనే ఉన్నాను గానీ లోపల గుండె బరువు సగం దిగింది. మామ మంచివాడే. అయినా మామ వేరు, నాయన వేరు.

ఆ వారమంతా నాయన ఉద్యోగస్థుడిలా బతికాడు. పొద్దున రేణిగుంటలో బస్సెక్కి తిరుపతి పోయి అంగడి తెరిచేవాడు, సాయంత్రం మూసి బస్సెక్కి వచ్చేవాడు. అవ్వ మధ్యాహ్నం అన్నం అంగడికే పంపేది. మాట మాత్రం పంపలేదు.

శనివారం పొద్దున బండిలో మద్రాసు పోయాం. నేను అమ్మ చీర కట్టాను. మాంబలంలో ఒక ఇంట్లో ఆ దంపతులు దిగి ఉన్నారు. పెద్దాయన తెల్లటి ప్యాంటూ చొక్కా వేసుకుని, చేతులు జోడించి, చాలా ఆలోచించి "దండాలు" అన్నాడు. ఆయనకు తెలుగు వచ్చు గానీ ఒక్కో మాటా లోపలి గది నుంచి వెతికి తెస్తున్నట్టు వచ్చేది. ఆమెకు ఇంకా తక్కువ. చీర మాత్రం చక్కగా కట్టుకుని ఉంది.

ఒక పాఠం చెప్పి చూపమన్నాడు. నేను రాత్రంతా సిద్ధం చేసుకున్న పాఠం ఎత్తుకున్నాను. మా ట్రైనింగులో నేర్పిన వరస ప్రకారం మొదట ప్రేరణ ప్రశ్నలు, తర్వాత పాఠ్యాంశ ప్రకటన, తర్వాత ఆదర్శ పఠనం. పద్యం పాడాను. గొంతు బాగానే పలికింది. వాళ్ళిద్దరూ గుడిలో హారతి చూసినట్టు భక్తిగా చూశారు. ఒక్క ముక్క అర్థం కాలేదని ఆ భక్తిలోనే తెలిసిపోయింది. నేను భయపడిన చూపు అదే. చెవులు వేడెక్కాయి. నా మీద నాకే కోపం వచ్చింది.

అప్పుడు ఆ పెద్దామె లేచి నా దగ్గరికి వచ్చింది. నా చెంప మీద వేలు పెట్టింది. ఎవరైనా అట్లా చేస్తే నేను చెయ్యి విదిలించి కొట్టే మనిషిని.

"అమ్మోరా?" అంది ఆమె.

నేను తలూపాను. ఆమె మొహం వెలిగిపోయింది. మొగుడి వైపు తిరిగి వాళ్ళ భాషలో గబగబా ఏదో చెప్పింది. మళ్ళీ నా వైపు తిరిగి, వచ్చిన నాలుగు మాటలనూ చేతులతో కలిపి చెప్పింది. "మాకీ ఉంది. అమ్మోరు పండగ. ఏటేటా. అందరం. వేపాకు." రెండు చేతులూ నెత్తి మీదికి ఎత్తి కుండ మోస్తున్నట్టు చూపింది.

నేను పద్యాన్ని పక్కన పెట్టేశాను. "కుండ," అన్నాను ఆమె చేతులు చూపి. "కుండ," అంది. నెత్తి, చెయ్యి, వేపాకు, పసుపు, నీళ్ళు. ఆమెకు కొన్ని తెలుసు, కొన్ని మరిచిపోయినవి మళ్ళీ దొరికాయి, కొన్ని కొత్త. తెలిసిన మాట దొరికినప్పుడల్లా పకపకా నవ్వేది. "కుండలో ఏముంది?" అని అడిగితే చాలాసేపు వెతుక్కుని "కుండలో... నీళ్ళు ఉంది" అంది. నేను తప్పు దిద్దలేదు. సూపర్వైజరుగారు ఉండుంటే సున్నా వేసేవారు. ఎంతసేపు గడిచిందో నాకు తెలియలేదు. భయపడాలన్న సంగతి కూడా మరిచిపోయాను.

పెద్దాయన సంతోషంగా నాయన వైపు తిరిగి "మీ అమ్మాయిని పంపుతారా?" అని అడిగాడు.

నాయన ఇప్పుడైనా చెప్పక తప్పదు అనుకున్నాను.

నాయన కండువా ఒక భుజం మీద నుంచి ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు. "పోయేది పాప. పాపనే అడగండి," అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది. బుధవారం లోపల కాలేజీలో చెప్తానని ఆ పెద్దాయనకు చెప్పి లేచాను. తిరుగు బండిలో నాయన వేరుశెనక్కాయలు కొని పొట్లం నా వైపు జరిపితే ముట్టలేదు. అరక్కోణం దాటేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. ఆయన ఒక్కో కాయా వలిచి గింజలను పొట్లంలోనే వేస్తూ పోయాడు. రేణిగుంట వచ్చేసరికి పొట్లం నిండా గింజలే. అప్పటికి ఆకలేసి తిన్నాను, మాట మాత్రం ఆడలేదు.

మంగళవారం జాతర. పొద్దున్నే స్నానం చేసి నాయన పంచెతో నడవాలో నిలబడ్డాడు. అత్త తన చీర ఒకటి తెచ్చి "ఇది సాలునా అన్నా?" అంది.

"సీర ఉండాది గదా," అన్నాడు నాయన. "పాప పెట్టెలో."

నేను పెట్టె తెరిచాను. చీర తీస్తూ చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఏటేటా జాతరకు కట్టే చీర. అది లేకుండా ఈయన ఏ ఏడూ జాతరకు పోలేదు. అది నా పెట్టెలో పొలిమేర దాటాలని చెప్పింది ఈయన. అంటే నన్ను దింపడానికి బయల్దేరినప్పుడే తాను తిరిగి పోవడం లేదని ఈయనకు తెలుసు. గూడూరు నిమ్మకాయల కథలన్నీ, రెండో కాఫీ, వీధి చివరిదాకా ఆ మెల్లని నడక, అన్నీ కళ్ళముందు తిరిగాయి. చాటింపు వేళ తెలియనివాడా ఆయన? ఆ ఊళ్ళో పుట్టి పెరిగిన మనిషి!

ఆ ఏడు కుచ్చిళ్ళు నేనే పోశాను. అత్త గాజులు తొడిగింది, సవరంతో జడ వేసింది, పూలు పెట్టింది. మీసం ముందురోజే తీయించుకున్నాడు. పసుపు రాసి పెద్ద బొట్టు పెట్టాక అద్దంలో చూసుకుని కొంగు సర్దుకున్నాడు.

బస్సు నిండా జాతరకు పోయే పల్లెలవాళ్ళు. వేషాలవాళ్ళు ఇంకా ఇద్దరు ముగ్గురున్నారు. కండక్టరు మమ్మల్ని చూసి ఆడవాళ్ళ సీటులో కూర్చున్న ఒక కుర్రవాణ్ణి లేపాడు. "లెయ్యప్పా, అమ్మ నిలబడుకోనుంటే సూడ్లా?" అన్నాడు. నాయన దర్జాగా కూర్చుని పక్కన నాకు చోటిచ్చాడు. మామూలు రోజుల్లో బస్సులో తల ఎత్తని మనిషి, ముందు సీటులోని ముసలామెతో రవిక కుట్టు గురించి మాట్లాడాడు. వేషంలో ఆయన ఏటేటా అంతే. చీర కడితే మాట వచ్చేది.

నేను చెవి దగ్గరికి వంగి అడిగాను. "ఆ రోజు బస్సు కావాలనే తప్పించుకున్నావు కదూ?"

"అమ్మవారి యేసంలో ఉండి అబద్దం సెప్పగూడదు మే," అన్నాడు. "అందుకే అడగొద్దు."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆయన గాజుల చెయ్యి నా మోకాలి మీద పెట్టాడు.

"మీ అమ్మ బతికుంటే ఏం జేసుండునో తెలుసునా? నన్ను అడక్కుండానే నేను సీర కడతానని మొక్కింది. నిన్ను అడక్కుండానే నిన్ను సముద్రం దాటించుండును. దానికి దైర్యం జాస్తి. నాకు లేదు పాపా. పొమ్మంటే, ఆడ నీకేమన్నా అయితే నేనే గదా పొమ్మన్నేది అనిపిస్తాది. వద్దంటే, ముసిలిదయ్యేదాకా నా మొకం సూసినప్పుడల్లా నీకు ఆ దీవే గుర్తొస్తాది. అందుకే నోరు మూసుకున్నా. మద్రాసులో ఆ యమ్మకు నువ్వు కుండ, నీళ్ళు అని నేర్పిస్తాంటే సూసినా. నీ మొకంలో భయం యాడా లేదు. ఇంక నేను సెప్పేది ఏముండాది?"

"అయినా ఒక మాట చెప్పొచ్చు కదా నాయనా."

"ఈ పూట నాయన అనగూడదు," అన్నాడు కొంగు సర్దుకుంటూ. తర్వాత, కిటికీ వైపు చూస్తూ, చాలా మామూలుగా అన్నాడు. "పోమ్మా. పోయిరా."

నెలరోజులుగా భుజాల మీద మోస్తున్నది అక్కడ, ఆ బస్సులో, దిగిపోయింది. ఒళ్ళంతా తేలికైంది. పోతాను అన్నాను. మొదటిసారి పైకే అన్నాను. ముందు సీటు ముసలామె వెనక్కి తిరిగి, "యాడికి మే?" అంది.

గుడి దగ్గర తొక్కిసలాటలో నాయన మొక్కు తీరింది. అక్కడి నుంచి ఇంటికి పోయాం. అవ్వ గడపలోనే నిలబడి ఉంది. లోపలికి రమ్మనలేదు, బయటూరి మనుషులం కదా. చెంబుతో అంబలి తెచ్చి అరుగు మీద పెట్టింది. కొడుకును పైనుంచి కిందిదాకా చూసి, "కుచ్చిళ్ళు ఎవురు పోసినారు? వంకరగా ఉండాయి," అంది. అదీ వారం తర్వాత ఆమె ఆడిన మొదటి మాట.

"అవ్వా," అన్నాను. "అక్కడ ఉండాది. అమ్మోరు అంటారంట. ఏటేటా పండగ చేస్తారు. వేపాకు, కుండలు, అన్నీ."

అవ్వ కొంచెంసేపు నా మొహం చూసింది, అబద్ధమాడుతున్నానేమోనని. తర్వాత అరుగు మీద కూలబడి ఊపిరి వదిలింది.

"అయితే సరే," అంది. "ఆ తల్లికి నా దండం సెప్పు." ఇంకో గ్లాసు అంబలి పోసింది. పొద్దు వాలకముందే మమ్మల్ని బస్సుకు తరిమింది.

బుధవారం కాలేజీలో చెప్పేశాను. పాసుపోర్టు వచ్చేసరికి దీపావళి దగ్గరపడింది. బొంబాయి బండి రేణిగుంట మీదుగానే పోతుంది. మామ బొంబాయిదాకా తోడు, అక్కడి నుంచి విమానం. ప్లాట్‌ఫారం మీద నాయన మళ్ళీ మామూలు నాయనే, మీసం పెరిగింది, మాట తగ్గింది. నా పెట్టె సీటు కిందికి తోసి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ లాగి, చంకలోని మూట విప్పి అమ్మ చీర తీసి నా బట్టల మీద పెట్టాడు.

"ఇదెందుకు నాయనా? నేను వచ్చేది ఉగాది దాటినాక. నీకు జాతరకు చీర వద్దా?"

ఆయన పెట్టె మూత మూసి, గడియ పడిందో లేదో రెండుసార్లు లాగి చూశాడు.

"అందుకే ఇస్తాండా," అన్నాడు. "సాటింపు లోపల తెచ్చియ్యి."